చీటిలోని అంకె - రోగి ప్రాణము

వైద్యుని చేయి నాడిని విడిచి పరీక్షాపత్రమును పట్టుకొని చాలకాలమైనది. జ్వరమనిన రక్తమును, నీరసమనిన మూత్రమును పరీక్షకు పంపనిదే మందు వ్రాయు వైద్యుడు నేడు అరుదు. ఇది శాస్త్రము తెచ్చిన మేలే. మేము దానిని నిందింపము. కాని యే అంకెను నమ్మి మందులిచ్చుచున్నారో, కత్తి పట్టుచున్నారో, నెత్తురెక్కించుచున్నారో, ఆ అంకె యెవరిచేత, ఏ తీరున పుట్టుచున్నదని యడుగు హక్కు ప్రజలకు గలదా, లేదా?

లాబొరేటరీ యజమానుల నడిగినచో, “మా యంత్రము గొప్పది, అది తప్పు చేయదు” అందురు. సరియే, చేయదనియే యనుకొందము. ఇటలీదేశమున పాడువా నగరపు ఆసుపత్రిలో, అత్యవసర లాబొరేటరీయందలి తప్పులను లెక్కించి 1997లో ప్రకటించిరి. వానిలో నూటికి 68 నమూనా యంత్రమును చేరకముందే జరిగినవి. 18కి పైగా ఫలితము తేలిన పిమ్మట జరిగినవి. యంత్రమున పరీక్ష జరుగు దశలోనివి 13 మాత్రమే. కావున యంత్రమును చూపి తప్పించుకొనుట ప్రజలను మభ్యపెట్టుటయే.

తప్పు పుట్టు చోటు వేరు. సెలైను ఎక్కుచున్న చేతినుండియే రక్తము తీయుదురు. ఆ నీటితో కలిసిన నెత్తురు ఏ నిజము చెప్పగలదు? బలముగా లాగినచో కణములు పగిలి, వానిలోని పొటాసియము వెలికివచ్చి, లేని ప్రమాదమును చూపును. తగిన ద్రవ్యము చేర్పని గొట్టములో గంటల తరబడి బల్లపై నుంచినచో కణములే అందలి చక్కెరను హరించును. మధుమేహి ఆరోగ్యవంతుడుగా కనబడును. గొట్టముపై పేరు తారుమారైనచో, ప్రాణము నిలుపుటకై ఎక్కించిన రక్తమే ప్రాణమును తీయగలదు.

చేతి పొరపాటువలన ఒక రోగి నష్టపడును. తప్పుడు పరీక్షయే వ్యాపారమైనప్పుడు దేశమే నష్టపడును. క్షయవ్యాధిని రక్తములోని ప్రతిరక్షకములనుబట్టి నిర్ణయించు పరీక్షలు మన దేశమున ఏండ్ల తరబడి విచ్చలవిడిగా సాగినవి. వానిలో పెక్కు ఐరోపా, ఉత్తర అమెరికా ఖండములలో తయారైనవి. గుర్తింపుగల యే నియంత్రణ సంస్థయు వానిని ఆమోదింపలేదు. అయినను అదుపులేని బీదదేశముల యంగళ్లలో అవి అమ్ముడుపోయినవి. వానిని వాడవలదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2011 జూలైలో చాటవలసివచ్చినది; మన ప్రభుత్వము 2012 జూన్‌లో నిషేధించినది. ఈలోపల క్షయ లేనివారు నెలల తరబడి ఘాటైన మందులు మింగిరి. క్షయ గలవారు లేదను చీటి పట్టుకొని యింటికి పోయి, బిడ్డలకు వ్యాధిని పంచిరి. ఈ పాపమునకు శిక్ష యెవరికి పడినది?

చట్టములు లేవా? ఉన్నవి. పరీక్షకు పంపినందులకు వైద్యుడు కమీషను పుచ్చుకొనరాదని 2002 నాటి వైద్యవృత్తి నియమావళి స్పష్టముగా చెప్పుచున్నది. లాబొరేటరీ నివేదికపై పాథాలజీలో ఉన్నతపట్టము గల రిజిస్టర్డు వైద్యుడే సంతకము చేయవలెనని సుప్రీముకోర్టు 2017 డిసెంబరు 12న చెప్పినది. కాని సంతకము చేసినవాడు ఆ నమూనాను గాని, ఆ ఫలితమును గాని చూచెనా యని యడుగువా రేరి? నాణ్యతకు జాతీయస్థాయి గుర్తింపు సంస్థ గలదు. అయితే దాని గుర్తింపు పొందుట లాబొరేటరీల యిష్టమునకే విడువబడినది. తక్కెడను, రాళ్లను ప్రభుత్వముచే ముద్ర వేయించనిదే పప్పు దినుసులమ్మరాదు; మనుష్యుని నెత్తురు తూచువానికి మాత్రము ముద్ర ఐచ్ఛికమా?

కఠినమైన నియమములు పెట్టినచో చిన్న ఊళ్లలో లాబొరేటరీలు మూతపడుననియు, బీదవాడు నగరమునకు పరుగెత్తవలసివచ్చుననియు కొందరందురు. ఈ మాటలో కొంత నిజము గలదు, మేము కాదనము. కాని మేము కోరునవి కోట్లు వెచ్చించు పనులా? రక్తము తీయుటకు ముందు రోగినే పేరు చెప్పుమనుట, అతని యెదుటనే గొట్టముపై పేరును, వేళను వ్రాయుట, తెలిసిన విలువగల నమూనాతో ప్రతిదినము యంత్రమును సరిచూచుట, ప్రాణాపాయమును సూచించు అంకె కనబడగనే వైద్యునికి ఫోను చేయుట - ఇవి ధనముతో గాక శ్రద్ధతో అగు పనులు. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల విలువ తెలుపని నమూనాలను లాబొరేటరీలకు పంపి, వారి ఫలితములను పోల్చి చూపు పద్ధతిని నడుపుచున్నది. మంచి మార్గము మన దేశముననే యున్నది. నడువవలెనను బుద్ధియే కావలెను. బీదవానికి తప్పుడు పరీక్ష చౌకగా దొరకుట ఉపకారము కాదు. వాని ప్రాణమునకు వెల తగ్గించుట.

కావున ప్రభుత్వము ప్రతి లాబొరేటరీకి నాణ్యతా పరీక్షను నిర్బంధము చేసి, ఫలితములను ప్రకటింపవలెను. వైద్యులు రోగి లక్షణములతో పొసగని అంకెను నమ్మక, రెండవమారు పరీక్షింపజేయవలెను. కమీషనును అస్పృశ్యముగా చూడవలెను. ఇక పఠనమందిరములలో ఈ పంక్తులు చదువు మహాశయులారా! సంతకము చేసిన దెవరు, యంత్రమును నేడు సరిచూచితిరా యని మీరడుగుడు. చీటి చేతికిచ్చినవాడు కోపించినను వెనుదీయకుడు. అడుగని ప్రజలకు జవాబు చెప్పిన అధికారి గాని, వ్యాపారి గాని యేనాడును లేడు.