ఆ గీత ఎవరు గీశారు అత్తయ్యా?

శ్రీరామనవమి అంటే మా పర్ణశాలలో ఏ ఇంట్లో చూసినా చుట్టాలే. భద్రాచలంలో కల్యాణం చూసుకుని ఇటు వచ్చి, సీతవాగు రాళ్ళ మీద పసుపు కుంకుమ రంగులు, నారచీరలు ఆరేసిన గుర్తులు చూసి, మా ఇంట్లో భోంచేసి వెళ్తారు. ఈసారి పానకం కలుపుతుంటే చిన్న గొడవైంది. అసలు గొడవ అని కూడా అనకూడదు. గొడవైతే నేనూ ఒక మాట అని ఉండేదాన్ని.

ఖమ్మంలో డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి వంటింట్లో వంకాయలు తరుగుతూ ఫోనులో పాటలు పెట్టుకుంది. ముందు హైదరాబాదు వాళ్ళ చౌరస్తా బ్యాండు. తెలుగు మాట, జానపదం యాస, తాళం మాత్రం రెగే. తర్వాత ఢిల్లీకి చెందిన స్కా వెంజర్స్ వాళ్ళు 2012లో తెచ్చిన ఆల్బమ్. అందులో స్కా, రెగే, డబ్, పంక్, ర్యాప్ అన్నీ ఉన్నాయి. మా చిన్నత్తయ్య రెండు పాటలు ఓర్చుకుంది. మూడో పాటకి, "ఏంటే ఆ కలగాపులగం? ఆడపిల్లవి వినే పాటలేనా అవి? లక్ష్మణరేఖ దాటితే ఏమవుతుందో ఈ ఊళ్ళో పుట్టినదానికి వేరే చెప్పాలా?" అంది. పిల్ల ఫోను కట్టేసింది. నేను బెల్లం పాకంలో మిరియాల పొడి వేస్తూ తల దించుకున్నాను.

ఆ దించిన తల ఎత్తడానికే ఇది రాస్తున్నా. అత్తయ్య అన్న మాటల్లో మూడు ఫిర్యాదులున్నాయి. ఒక్కోదానికీ జవాబు చెప్తాను.

మొదటిది, కలగాపులగం. మా అమ్మాయి నాకు కూర్చోబెట్టి చెప్పింది, తర్వాత నేనే వెతికి చదువుకున్నాను. జమైకా అని చెరకు పండే చిన్న దీవి. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ పిల్లలూ మనవలూ ఉండే దేశం. అక్కడ 1950ల చివర్లో స్కా పుట్టింది. అమెరికా రేడియోలో విన్న పాటా, ఊళ్ళో పాడుకునే మెంటో పాటా కలిసి పుట్టిందది. మనం చప్పట్లు కొట్టే చోట కాకుండా రెండు చప్పట్ల మధ్య ఖాళీలో గిటార్ మోగుతుంది. భజన చేసే ఆడవాళ్ళకి ఇది చెప్తే చాలు, అర్థమైపోతుంది. ఆ వేగం తగ్గి తగ్గి 1968 నాటికి రెగే అయింది. కింగ్ టబ్బీ అని రేడియోలు బాగుచేసే మనిషి ఒకాయన, పాటలోంచి గొంతు తీసేసి, డప్పూ లావు తీగల గిటారూ ఉంచి, మాటని అక్కడక్కడ కొండకి తగిలి తిరిగొచ్చినట్టు వినిపించాడు. అదే డబ్. ఆ దీవి నుంచి బతకడానికి న్యూయార్క్ వెళ్ళిన ఒక ఇంట్లో, 1973 ఆగస్టు 11న సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి బడికి కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బులు కావాలని, తాముండే భవనంలోనే టికెట్టు పెట్టి ఒక విందు చేసింది. ఆడపిల్లలకి పాతిక సెంట్లు, మగపిల్లలకి యాభై. పాటల పెట్టె తిప్పింది వాళ్ళన్న. హిప్ హాప్ పుట్టినరోజు అని లోకం ఇప్పటికీ చెప్పుకునే రోజు అది. అన్న పేరు అందరికీ తెలుసు, చెల్లెలి పేరు ఎంతమందికి తెలుసు? ఇక లండన్‌లో పంక్ పాడిన తెల్ల కుర్రాళ్ళు, పక్క వీధిలో జమైకా వాళ్ళు వినే రెగే వింటూనే పెరిగారు.

కాబట్టి ఈ అయిదూ ముక్కూమొహం తెలియని పరాయివాళ్ళు కావు. పొట్ట చేత పట్టుకుని తలో దేశం పోయిన అక్కచెల్లెళ్ళ పిల్లలు. ఒక్క ఆల్బమ్‌లో చేరితే అది పండక్కి చుట్టాలు ఒకింట్లో చేరినట్టు. మా ఇంట్లో ఆ రోజు చేరినట్టే.

ఇంతకీ మనదేది కలపనిది? భజనలో మీరు వాయించే హార్మోనియం యూరప్ నుంచి వచ్చింది. కచేరీలో వయొలిన్ కూడా అంతే, మన సంగీతంలోకి వచ్చి రెండు వందల ఏళ్ళు దాటింది. సీతమ్మ తలంబ్రాల్లో ముత్యాలు పంపే ఆచారం గోల్కొండ తానీషా నుంచి వచ్చిందని మనమే గొప్పగా చెప్పుకుంటాం. పెళ్ళికి ముత్యాలు పంపిన తురకరాజు మనవాడైతే, పిల్ల ఫోనులో మోగిన జమైకా డప్పు పరాయిదెలా అయింది?

రెండోది, లక్ష్మణరేఖ. తెలుగు బి.ఏ. చదివినదాన్ని, ఇక్కడ మాత్రం ఊరుకోను. వాల్మీకి రామాయణంలో లక్ష్మణరేఖ లేదు అత్తయ్యా. పర్ణశాల ముందు గీతలు గీసింది మన రంగనాథ రామాయణంలో, అదీ ఒకటి కాదు, ఏడు. తెలుగువాళ్ళు సంస్కృత కథలో తమ కథ కలిపి ద్విపదలో పాడుకున్నారు. అంటే కలపకూడదని మీరు చూపించిన ఆ గీత కూడా కలిపిందే. పైగా ఆ కథలో గీత గీసింది లోపలున్న మనిషిని కాపాడ్డానికి. ఆవిడ వినే పాట ఆపడానికి ఎవరూ గీయలేదు.

మూడోది, ఆడపిల్ల వినే పాటలేనా అని. వినాయక నిమజ్జనానికి ట్రాక్టరు మీద డీజే పెట్టి, ఆడదాని నడుము గురించి తప్ప ఇంకేమీ లేని పాటలకి మన మగపిల్లలు అర్ధరాత్రి దాకా ఎగురుతారు. కిటికీ అద్దాలు అదురుతాయి. అప్పుడు అత్తయ్య అరుగు మీద కూర్చుని, "పిల్లలు సరదా పడుతున్నారులే" అంది. నేనే సాక్షి. స్కా వెంజర్స్‌లో బేగమ్ ఎక్స్ అనే అమ్మాయి వేదిక ముందు వరసలో నిలబడి పాడుతుంది. మన పిల్ల వంకాయలు తరుగుతూ ఆ గొంతు వింటే తప్పొచ్చింది!

ఆ పాటలన్నీ నాకు నచ్చాయని అబద్ధం చెప్పను. కొన్ని చోట్ల తల నొప్పి పుట్టింది. పాట నచ్చకపోతే నచ్చలేదని చెప్పే హక్కు అందరికీ ఉంది. కలిసింది కాబట్టి చెడిపోయింది అనడం మాత్రం వేరే మాట.

చెడిపోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. ఎనిమిదో తరగతిలో నా స్నేహితురాలి అక్క పెళ్ళికి కోయగూడెం వెళ్ళాను. ఆడవాళ్ళంతా చేతులు పట్టుకుని రేలా పాడుతుంటే నేనూ మధ్యలో దూరాను. ఇంటికొచ్చాక మా నానమ్మ చింతబరికె తీసింది. "వాళ్ళ పాట నీకెందుకు" అంది. ఆ తర్వాత నేను రేలా పాడలేదు. ఒక్క చరణం కూడా ఇప్పుడు గుర్తు లేదు. ఆ స్నేహితురాలు కూడా మళ్ళీ పిలవలేదు.

మన జిల్లా కోయ డోలి కళాకారులు సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మల కథ డోలి వాయిస్తూ కోయలోనూ తెలుగులోనూ పాడేవారాయన. 2024లో కన్నుమూశారు. ఇంత దగ్గరలో ఉండి, ఒక్కసారైనా పక్కన కూర్చుని విన్నామా అని నన్ను నేను అడుగుతున్నాను, మిమ్మల్నీ అడుగుతున్నాను. ఎక్కడో దీవి పాట ఫోనులోకి వచ్చిందని కంగారు పడతాం. మన వాగు అవతలి డోలి ఆగిపోతుంటే మనకి పట్టదు. పాటలు కలవడం వల్ల పోలేదు. ముట్టుకోకూడదని మనం గీతలు గీసుకోవడం వల్లే పోతున్నాయి.

ఒక్క షరతు మాత్రం మా అమ్మాయికీ పెట్టాను. ఏ పాట విన్నా అది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో తెలుసుకో, వాళ్ళ పేరు చెప్పు. కలుపుకోవడానికి అంతకన్నా ఆచారం అక్కర్లేదు.

మొన్న ఆదివారం అత్తయ్యకి ఫోను చేసి ఈ మాటలన్నీ చెప్పాను, ఏడు గీతలతో సహా. కాసేపు మాట్లాడలేదు. "నువ్వు కూడానా" అని పెట్టేసింది. దసరాకి వస్తుంది. గుత్తివంకాయ కూర చేస్తాను, ఆవిడకిష్టం. వంటింట్లో పాట మోగుతూనే ఉంటుంది.