తుపాకులు తెచ్చినవాళ్ళు తెలుసు, గింజలు మోసినవాళ్ళెవరు?

ఏటా మే 7న సీతారామరాజు ఫోటోకి దండ వేస్తాం. చేతిలో విల్లు, వీపున అమ్ములపొది. ఆ ఫోటో చూసినప్పుడల్లా నాకు ఒకటే ప్రశ్న: ఆయనా, ఆయన వెంట నడిచిన మనవాళ్ళూ దాదాపు రెండేళ్ళపాటు అడవిలో ఏం తిన్నారు?

తుపాకుల సంగతి అందరికీ తెలుసు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు పోలీసు స్టేషన్లు. 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దొరికాయి. తీసుకున్నవాటి లెక్క స్టేషన్ పుస్తకంలో రాసి మరీ సంతకం పెట్టి వచ్చారు. కొండల్లో మనకి ఆయుధశాల ఎక్కడుంది? సర్కారు ఆయుధాలే మన ఆయుధాలయ్యాయి. కానీ ఆ దారి ఎక్కువ కాలం సాగలేదు. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్ల మీదికి వెళ్ళేసరికి పోలీసులు ముందే జాగ్రత్తపడ్డారు. అక్కడ తుపాకులు దొరకలేదు.

మరి తిండి? దానికి స్టేషన్ లేదు, గోదాం లేదు. ఊరే గోదాం. పోడులో పండిన చోళ్ళు, సామలు, ఇంట్లో దాచిన దుంపలు. తమకే చాలని గింజల్లోంచి తీసి పెట్టిన అంబలి అది. దారి చెప్పినవాడు, పోలీసులు వస్తున్నారని కబురు మోసినవాడు, రాత్రికి పొయ్యి వెలిగించిన తల్లి, వీళ్ళంతా ఆ దండులో మనుషులే. చేతిలో తుపాకీ లేదు, అంతే తేడా.

అవతలి పక్క చూడండి. అసలు గొడవే రోడ్డు దగ్గర రాజుకుంది. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు ఘాట్ రోడ్డు వేయించి, పూర్తి కూలి ఇవ్వకుండా మనవాళ్ళ నడుం విరగ్గొట్టాడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. పోడు కొట్టనివ్వని అడవి చట్టం ఆ పైన. బండ్లు, బలగాలు కొండెక్కాలంటే రోడ్డు కావాలి. ఆ రోడ్డు మన చెమటతోనే. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్లో కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయాక మలబారు పోలీసుల బలం పెంచారు. ఆ తర్వాత కొండల్లో తిరగడం అలవాటున్న అస్సాం రైఫిల్స్‌ని దించారు. తుపాకీతో పట్టుకోలేనివాణ్ణి ఆకలితో పట్టుకోవచ్చని సర్కారుకి తెలుసు. అందుకే అన్నం పెట్టారని, ఆశ్రయం ఇచ్చారని ఊళ్ళ మీద పడ్డారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర సీతారామరాజుని చంపారు. ఆ తర్వాత నెలలో గాం గంటందొర కూడా పోయాడు.

ఇక్కడ నిజం దాచకూడదు. అందరూ ఇష్టంగానే గింజలిచ్చారని నేను అనను. భయపడి ఇచ్చినవాళ్ళుంటారు. పోలీసులకి దారి చూపినవాళ్ళూ ఉంటారు. రెండు వైపులా బరువు మోసింది మాత్రం మన ఊళ్ళే. ఆ సంగతి కూడా మన చరిత్రే. అది చెప్పుకుంటే మన పోరాటం చిన్నదైపోదు.

గాం మల్లుదొర అండమాన్ జైలుకెళ్ళి వచ్చి, 1952లో లోక్‌సభకి గెలిచాడు. అలాంటి మనిషి పేరే మన పిల్లల్లో చాలామందికి తెలీదు. ఇక అంబలి పోసిన అవ్వ పేరు ఎవరికి తెలుస్తుంది? 2022లో మన జిల్లాకి సీతారామరాజు పేరు పెట్టారు. సంతోషమే. కానీ ఒక్క పేరు కింద వందల పేర్లు కప్పడిపోకూడదు.

అందుకే అరకు నుంచి చింతపల్లి దాకా ఉన్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక మాట. ఆ కాలం చూసినవాళ్ళు ఇప్పుడు లేరు. వాళ్ళ నోట విన్న మనవళ్ళు, మనవరాళ్ళు ఇంకా ఉన్నారు, ముసలివాళ్ళై. ఈ వారం సంతకి వెళ్ళొచ్చాక ఫోన్ తీసి వాళ్ళ పక్కన కూర్చోండి. "మన ఇంట్లోంచి ఎవరు గింజలు మోశారు?" అని అడగండి. వాళ్ళ భాషలోనే, వాళ్ళు చెప్పినట్టే రికార్డు చేయండి. ఊరి పేరు, ఇంటిపేరు రాసి పెట్టండి.

వచ్చే మే 7న దండతో పాటు ఆ పేర్లు కూడా గట్టిగా చదువుదాం.