చదరపు అడుగులతో పాటు వెలుతురు కూడా అడుగుదాం

ముంబైలో మనవాళ్లు తరతరాలుగా ఉంటున్న పేటలు ఒక్కొక్కటే పునర్నిర్మాణానికి వెళ్తున్నాయి. వర్లీ బీడీడీ చాళ్లలో 160 చదరపు అడుగుల గదుల్లో కాపురాలు చేసిన కుటుంబాలకు 500 చదరపు అడుగుల ఫ్లాట్లు ఇస్తున్నారు. మొదటి 556 ఇళ్ల తాళాలు 2025 ఆగస్టులో అందాయి. ఈ నగరాన్ని కట్టిన మన కామాటీల పేరుతో వెలసిన కామాటిపురాలోనూ మ్హాడా పునర్నిర్మాణం తలపెట్టింది. మన ఇళ్లలో మాత్రం ఎక్కడ విన్నా ఒకటే ప్రశ్న: ఎన్ని చదరపు అడుగులు ఇస్తారు? పక్క బిల్డింగుకూ మనకూ మధ్య ఎంత ఎడం ఉంటుందన్నది కూడా అంతే ముఖ్యమైన ప్రశ్న.

ఇది ముంబైకి కొత్త పాఠమేమీ కాదు. 1896లో ప్లేగు వచ్చాక, 1898లో బాంబే ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టును ఏర్పాటు చేశారు. గాలి ఆడేలా ఇరుకు పేటల మధ్య నుంచి వెడల్పాటి రోడ్లు వేశారు. భవనాల మధ్య ఎడానికి 63.5 డిగ్రీల వెలుతురు కోణాన్ని లెక్కగా పెట్టుకున్నారు. మామూలు మాటల్లో చెప్పాలంటే, ఎదుటి భవనం ఎత్తులో దాదాపు సగమైనా ఖాళీ స్థలం ఉండాలి. అయితే ఆ ట్రస్టు మొదటి రోజుల్లో కట్టిన ఇళ్ల కన్నా కూల్చినవే ఎక్కువ. పేదల బాధ తీరలేదు. కానీ ఆ లెక్క మాత్రం సరైనదే.

తర్వాతి కాలంలో మురికివాడల పునరావాసం కోసం నిబంధనలు సడలించారు. తక్కువ స్థలంలో ఎక్కువ ఇళ్లు ఇరికించడానికి భవనాల మధ్య ఎడాన్ని మూడు మీటర్ల దాకా తగ్గించారు. ఎనిమిది అంతస్తుల భవనం ఎత్తు సుమారు 24 మీటర్లు. పాత లెక్కలో దానికి 12 మీటర్ల ఎడం కావాలి. అంటే పావు వంతే మిగిలింది.

ఫలితం గోవండిలో కనిపించింది. అక్కడి లల్లూభాయ్ కాంపౌండ్, నట్వర్ పారేఖ్ కాంపౌండ్ పునరావాస కాలనీల్లో డాక్టర్స్ ఫర్ యూ సంస్థ జరిపిన అధ్యయనం 2018లో వెలువడింది. వెలుతురు, గాలి సరిగా అందని ఇళ్లకూ క్షయకూ సంబంధం ఉందని అది చూపింది. కారణం తెలిసిందే. క్షయ క్రిములు గాలి ద్వారా వ్యాపిస్తాయి. ఎండ వాటిని చంపుతుంది, గాలి వాటిని చెదరగొడుతుంది. ఈ రెండూ లేని కింది అంతస్తుల్లో పట్టపగలే లైటు వేసుకోవాలి. మందులు ఉచితంగా ఇచ్చినా, రోగి తిరిగి వెళ్లేది ఆ గదికే.

పునర్నిర్మాణం వద్దని మేము అనడం లేదు. వరుసలో నిలబడి ఉమ్మడి మరుగుదొడ్డి వాడుకున్న ఆడవాళ్లకు సొంత బాత్‌రూమ్ ఎంత అవసరమో మనకు తెలియనిది కాదు. ముంబైలో స్థలం కరువన్నదీ నిజమే. కానీ ఇల్లు ఒకసారి కట్టేశాక గోడల్ని జరపలేం. అడగాల్సింది సమ్మతి పత్రం మీద సంతకం పెట్టకముందే.

సొసైటీ మీటింగులో ప్లాను కాగితం పరిపించి చూద్దాం. భవనాల మధ్య ఎడం ఎన్ని మీటర్లు? కింది అంతస్తుకు ఎండ ఎన్ని గంటలు తగులుతుంది? వంటింటికి, బాత్‌రూమ్‌కు కిటికీ బయటి గాలిలోకి తెరుచుకుంటుందా, ఇరుకు డక్టులోకా? పిల్లలు ఆడుకునే స్థలం నేల మీద ఉందా, పార్కింగ్ పైకప్పు మీదా? జవాబులు నోటిమాటగా కాదు, ఒప్పందంలోనే రాయించుకుందాం.