గృహవిషయములు: కారు టైర్ల నిగారింపు



క్రొత్తకారు ఇంటికి వచ్చిన దినమున పసుపు కుంకుమలు పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి, కొబ్బరికాయ కొట్టినగాని దానిని వీధిలోనికి తీయము. ఆనాడు టైర్లు నల్లగా నిగనిగలాడుచుండును. కొన్ని మాసములు గడచుసరికి అవియే బూడిదవన్నె దాల్చి, యంచుల గోధుమరంగు తిరుగును. అంతట బజారునకు పోయి టైర్ పాలిష్ ఇమ్మని యడుగుదుము. అంగడివాడు పలువిధములైన సీసాలు ముందుంచును. ఒకటి పాలవలె తెల్లనిది. ఒకటి నూనెవలె తేటయైనది. మరియొకటి పిచికారీ డబ్బా. వీనిలో దేనిని కొనవలెను? ఈ మాసమున నీ ప్రశ్నను విచారింతము.

ముందుగా టైరు నల్లగా నేల యుండునో తెలిసికొనవలెను. రబ్బరుచెట్టు పాలు తెల్లనివి. తొలినాటి మోటారు టైర్లును తెలుపుగనో లేతవన్నెతోనో యుండెడివి. 1910 తరువాతి యేండ్లలో కార్బన్ బ్లాక్ అను మెత్తని మసిని రబ్బరులో కలుపుట వ్యాపించెను. దీపముపై పళ్లెము బోర్లించి కాటుక పట్టుట యెరిగిన మన కీ మసి వింత కాదు. నూనెను చాలినంత గాలి తగులనీయక కాల్చి, కర్మాగారములలో దీనిని పట్టుదురు. ఇది కలిసిన రబ్బరు అరుగుదలకును, ఎండకును ముందటికంటె మిక్కిలిగా నోర్చెను. కావున టైరు నలుపు పైపూత గాదు; లోని బలము. సీసాలోని పాలిష్ ఆ బలమును పెంపజాలదు. పొడిబారిన పైపొరకు తేమవంటి మెరుపు నిచ్చుటయే దాని పని. ఈ యొక్క విషయము మనస్సున నుంచుకొన్నచో, ఏ సీసా మేలైనదో సులభముగా తేలును: రబ్బరునకు హాని చేయనిది, లోపమును కప్పిపుచ్చనిది మేలైనది.

గోధుమరంగు సర్వదా మురికి గాదు. గాలిలోని ఓజోను అను వాయువు రబ్బరును పగుల్చును. దానిని తట్టుకొనుటకై తయారుచేయువారు మైనమును, మరికొన్ని రక్షకద్రవ్యములను రబ్బరులోనే కలుపుదురు. బండి నడచునపుడు టైరు వంగుచు, సాగుచు నుండుటచే అవి మెల్లమెల్లగా పైకి ఊరి, గాలి తగిలి గోధుమవన్నె దాల్చును. నెలలతరబడి కదలక యెండలో నిలిచిన కారునకు ఈ ఊట చక్కగా నుండదు. కావుననే తక్కువ తిరిగిన టైరైనను ఒక్కొక్కప్పుడు ముందుగా పగులును. విజయవాడ, రామగుండము వంటి యెండమండు పట్టణములలో కారును నీడపట్టున నిలుపుట, వారమున కొకమారైనను నడుపుట, ఏ పాలిష్‌కంటెను మేలైన సంరక్షణము.

ఇక పాలిష్‌ల మాట. ఇవి ముఖ్యముగా రెండు తెగలు. మొదటిది నీటితో చేసినది. చూచుటకు పాలవలె నుండును, ఆరినపిమ్మట మితమైన నిగారింపు నిచ్చును. రెండవది పెట్రోలియం ద్రావకముతో చేసినది. తేటగా నుండి ఘాటైన వాసన గొట్టును, అద్దమువలె మెరయును. రెండింటను సాధారణముగా సిలికోను అను ద్రవ్య ముండును. సిలికోను రబ్బరునకు శత్రువు గాదు. దానిని మోసికొనివచ్చు ద్రావకమును గూర్చియే జాగ్రత్త వలయును. పెట్రోలియం ద్రావకములు రబ్బరును ఉబ్బించు గుణము కలవి. పైకి వచ్చిన మైనమును గూడ కరగించును. నిత్యము వాడుటకు మొదటి తెగయే శ్రేష్ఠము. సీసాపై "వాటర్ బేస్డ్" అను మాట యున్నదేమో చదువుడు. మంటగుర్తు ముద్రించియున్నచో ద్రావకము కలదని యెరుంగుడు. అట్టిదానిని వంటయింటను, దేవుని దీపము చెంతను ఉంచరాదు.

డబ్బు మిగులునని కొందరు వాడిన ఇంజనాయిలును, కిరసనాయిలును, గ్రీజును పూయుదురు. ఇది తగదు. ఖనిజతైలములు తగిలిన రబ్బరు ఉబ్బి మెత్తబడును. కొబ్బరినూనె పూసినచో జిడ్డు నిలిచి దుమ్మును పట్టును. మూడవ నాటికి టైరు మునుపటికంటె మాసియుండును.

పూయు పద్ధతి యిది. ఎండలో కాగిన టైరుపై పూయరాదు. కారును నీడకు దెచ్చి, టైరు చల్లారినపిమ్మట, కార్లకు వాడు తేలికపాటి షాంపూ కలిపిన నీటితోను గట్టి కుంచెతోను ఇరుప్రక్కలు తోమి కడిగి, పూర్తిగా నారనీయుడు. పిదప స్పాంజిపై కొద్దిగా పోసికొని, ప్రక్కభాగమునకు మాత్రమే పలుచగా పూయుడు. పావుగంట తాళి, మిగిలినదానిని పొడిగుడ్డతో తుడిచివేయుడు. తుడువనిచో చక్రము తిరుగునపుడు చిమ్మి కారుపై మచ్చలు పడును. నేల నంటు చాళ్ల భాగమునకును, బ్రేకు పళ్లెములకును ఒక చుక్కయు తగులరాదు; తగిలినచో టైరు జారును, బ్రేకు పట్టు తప్పును. పిచికారీ డబ్బాను నేను మెచ్చకపోవుటకు ఇదియే కారణము. అది చల్లిన తుంపర ఎక్కడ పడునో చేతిలో నుండదు. గ్రానైటు పరచిన వాకిట పడినచో, ముసలివారును పిల్లలును జారిపడుదురు.

స్కూటరు నడుపు సోదరీమణులు దాని టైర్లకు ఏ పాలిష్‌యు పూయరాదు. మలుపున స్కూటరు ఒరగును. అపుడు టైరు అంచే నేల నంటును. అచ్చట జిడ్డున్నచో ప్రాణాపాయము. నీరును సబ్బును చాలును.

మరియొక హెచ్చరిక. పాలిష్‌ను తరిగి పానీయపు సీసాలలో పోసి దాచకుడు. పెట్రోలియం ద్రావకము గలదానిని బిడ్డ త్రాగినచో వాంతి చేయింపరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. ఆ సీసాను వెంటదీసికొని తక్షణమే ఆసుపత్రికి పోవలెను.

నిగారింపు మోసమునకును పనికివచ్చుచున్నది. పాతకార్ల నమ్మువారిలో కొందరు టైర్లకు దట్టముగా పాలిష్ పట్టింతురు. సన్నని పగుళ్లు ఆ జిడ్డులో మునిగి కానరావు. కొనువారు మెరుపును చూచి క్రొత్తవని తలంతురు. అట్టిచో సంకోచింపక, టైర్లను సబ్బునీటితో కడిగించి చూపుమని యడుగుడు. ప్రక్కభాగమున డి.ఓ.టి. అను అక్షరముల వరుస చివర నాలుగంకెలు అచ్చొత్తియుండును. 2321 అని యున్నచో ఆ టైరు 2021వ సంవత్సరమున 23వ వారమున తయారైనదని యర్థము. ఒక ప్రక్కన కానరానిచో రెండవ ప్రక్కను చూడవలెను. అయిదేండ్లు దాటిన టైర్లను ఏటేట పరీక్ష చేయింపుడనియు, బాగుగా కనబడినను పదియేండ్లు మించి వాడకుడనియు తయారీ సంస్థలు పెక్కు హెచ్చరించుచున్నవి. చాళ్ల అడుగున 1.6 మిల్లీమీటర్ల యెత్తుగల చిన్నదిమ్మ లుండును. టైరు అరిగి వానితో సమానమైనచో, ఎంత మెరసినను మార్పింపవలసినదే.

కనుక పాలిష్ పూయు దినమును పరీక్షా దినముగా చేసికొనుడు. కడిగి ఆరిన టైరుపై మెరుపు పడకమునుపే పగుళ్లను, ఉబ్బులను, గ్రుచ్చుకొన్న మేకులను చూడుడు. డ్రైవరు తలుపుచెంత నంటించిన కాగితమున నున్న కొలత ప్రకారము, బండి నడువకముందు, గాలి సరిచూపింపుడు. నాలుగు టైర్ల అంకెలను, స్టెప్నీ అంకెను గూడ, ఇంటి పద్దుపుస్తకమున నొక పుట కేటాయించి వ్రాసియుంచుడు. పాలు, బియ్యము, బడిజీతముల లెక్క వ్రాయుచేతికి ఈ యైదు అంకెలు బరువు గావు. తీర్థయాత్రకో పెండ్లికో బిడ్డలతో బయలుదేరుటకు ముందు ఆ పుటను తిరుగవేసి చూచినచో, టైర్ల వయస్సు మీకే తెలియును; అంగడివాని మాటపై ఆధారపడ నక్కర లేదు.