పాఠశాల ముంగిట మాధవీలత

పాఠశాల ద్వారముపై నే తీగను ప్రాకింపవలెను? ఇది తోటమాలికి మాత్రమే విడిచిపెట్టదగిన ప్రశ్న కాదని నా యభిప్రాయము. బాలబాలికలు ఏండ్ల తరబడి దేనిక్రిందుగా నడచిపోవుదురో, అదియు వారికొక పాఠమే.

మన ఇల్లందులో ముంగిళ్లయందు తరచుగా గానవచ్చునది కాగితపుపూల తీగ. దాని జన్మస్థానము దక్షిణ అమెరికా. 18వ శతాబ్దిలో భూప్రదక్షిణము చేసిన బూగన్‌విల్ అను ఫ్రెంచి నావికుని పేర అది ప్రసిద్ధి కెక్కినది. నీరు తక్కువైనను అది బ్రదుకును. నెలల తరబడి రంగులు చూపును. ఈ గుణములను నేను కాదనను. కాని పరిమళ మన్నది దానియందు లేదు. మన యడవితో దానికి చుట్టరికమును లేదు.

మాధవీలత యట్టిది కాదు. అది మన దేశపు అడవులలో స్వయముగా బెరుగు తీగ. ఏడాది పొడవునను ఆకుపచ్చగా నుండును. శీతకాలపు చివరనుండి వసంతమువరకు గుత్తులు గుత్తులుగా బూయును. తెల్లని రేకు లైదు. వాని యంచులు కుచ్చులవలె చీలియుండును. అందొక రేకుపై పసుపు మచ్చ యుండును. పరిమళము దూరమునుండియే తెలియును. కాయకు మూడు రెక్కలు గలవు. ఎండి రాలునపుడు గాలిలో గిరగిర తిరుగుచు దూరముగా బోయి పడును. విత్తనములు వ్యాపించు విధమును బోధించు నుపాధ్యాయునకు ఇంతకంటె మంచి సాధన మేది? పాశ్చాత్య వృక్షశాస్త్రజ్ఞులు సైతము దీని జాతికి, ఎగురుట యను నర్థముగల గ్రీకు మాటనుండియే "హిప్టేజి" యని పేరు పెట్టిరి.

అమరకోశమున వాసంతి, అతిముక్తము అను పేర్లతో నున్న తీగ యిదియే. మన విద్యార్థులు కావ్యములలో మాధవి పేరు చదువుదురు. చెట్టును మాత్ర మెరుగరు. అంతకంటె విచారకర మేమనగా, అనేకులు రాధామనోహరమును జూపి యిదియే మాధవి యందురు. అది వేరు కుటుంబమునకు జెందిన తీగ. పేరు నిలిచి వస్తువు మరుగుపడినచో చదువు సగమే యగును.

"స్వదేశపు మొక్కయైన నేమి, పరదేశపు మొక్కయైన నేమి?" యని కొంద రడుగవచ్చును. ఈ మాధవీలతనే మారిషస్, రీయూనియన్ ద్వీపములకు గొనిపోయి తోటలలో నాటిరి. అచ్చట నది అదుపు తప్పి, అక్కడి చెట్లపై గప్పుకొని వానిని బాధించుచున్నది. అట్లే అమెరికా ఖండమునుండి అలంకారమునకై తెచ్చిన లంటానా పొద మన యడవుల నాక్రమించినది. కాబట్టి మొక్కయందు దోషము లేదు. తన చోట నున్నపుడే దానికి దగిన యిరుగుపొరుగు లుందురు, హద్దు లుండును.

ఈ విచారము మన యూరికి మరింత యవసరము. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఈ ప్రాంతమున బొగ్గును గుర్తించెను. 1889లో త్రవ్వకము ప్రారంభమయ్యెను. ఆ బొగ్గు 25 కోట్ల యేండ్లకు పూర్వపు వృక్షసంపదయే. నేలలోని పాత యడవిచే ఇన్నాళ్లు జీవించిన యూరు, నేలపైనున్న యడవిలోని యొక తీగనైన గుర్తింపలేకున్న, అది మనకు గౌరవము కాదు.

పెంచుటలో గొంత శ్రమ యున్నది. ఈ తీగ బలమైనది. కాలక్రమమున మ్రాను కట్టును. సన్నని వెదురు తడిక దానిని మోయజాలదు. రాతి స్తంభములో, ఇనుప పందిరియో కావలెను. ఎండ తగులు చోట, నీరు నిలువని నేలలో నాటవలెను. వేరూను వరకు వేసవిలో నీరు తప్పరాదు. పూత ముగిసిన పిమ్మట కొమ్మలను కత్తిరింపవలెను. అట్లు చేసిన పొదగా గూడ నిలుపవచ్చును. గింజనుండి మొలచినది పూయుటకు గొన్ని యేండ్లు పట్టును. అంటుమొక్క యంతకంటె ముందుగా బూయును. అడవిలోని మొక్కను మాత్రము పెరికి తేరాదు. రాలిన కాయ లేరి మొలిపించుటయో, నర్సరీలో పువ్వును కాయను జూచి నిశ్చయించుకొని కొనుటయో మేలు.

నేడు నాటిన విద్యార్థి దీని పూతను జూడకయే పాఠశాల విడిచిపోవచ్చును. అయినను నాటవలసినదే. తన తరువాత వచ్చువారికై నీరు పోయుట నేర్చిన బాలుడు, ఏ పరీక్షయందును అడుగని యొక గొప్ప విషయమును నేర్చినవా డగును. రాబోవు వర్షాకాలమున ప్రతి పాఠశాలయు నొక్క మాధవిని నాటి, దాని నిజమైన పేరు పలకపై వ్రాసి ప్రక్కన నిలుపుగాక.