ఈ మధ్య చదివినవి

గిలకలదిండిలో కాపురం పెట్టినవాడికి రెండు లాభాలు. చేపలు తాజాగా దొరుకుతాయి. ముసురు పట్టిందంటే ఇల్లు కదలనక్కరలేదు గనుక పుస్తకాలు చదువుకోవచ్చు. మొదటి లాభం మా యింట్లో చెల్లదు. రెండోదాన్ని మాత్రం ఈసారి దసరా సెలవుల్లో వడ్డీతో సహా రాబట్టాను. చదివినవాటిని గురించి నాకు తోచిన నాలుగు మాటలు చదువరులతో చెప్పుకోవాలని కూర్చున్నాను. నా అభిప్రాయాలు మీకు నచ్చకపోతే తప్పు నాదే, పుస్తకాలది కాదు.

ముందుగా ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగం చేసిన ఈ పెద్దమనిషి 1830 మే నెలలో పల్లకీ ఎక్కి, పదిహేను నెలలు పైగా దేశం తిరిగి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. దారిపొడుగునా ఆయన వ్రాసినదాన్ని స్నేహితులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారు 1838లో అచ్చు వేయించారు. ఆయన బయలుదేరింది పుణ్యం కోసమే గాని, ప్రతి మజిలీలోనూ నీళ్ళు మంచివా కావా, బియ్యం దొరుకుతాయా, దారి ఇసుకా రాయా అని విచారించడం మాత్రం మానలేదు. కొందరికి ఈ విచారణే విసుగు పుట్టిస్తుంది. నాకు మాత్రం ఆయన దేవాలయాల వర్ణన కంటే నీళ్ళ మాటలే ముద్దు. ఉప్పునీటి ఊళ్ళో ఉన్నవాణ్ణి మరి!

తరువాత గోపీచంద్ గారి ‘అసమర్థుని జీవయాత్ర’. గుడివాడ ప్రక్కన అంగలూరు ఆయన ఊరు. ఇరవై యేళ్ళ వయసులో ఈ నవల చదివినప్పుడు సీతారామారావు మీద జాలిపడ్డాను. నలభై దాటాక చదివితే భయం వేసింది. వంశప్రతిష్ఠ నిలబెట్టమని తండ్రి చెప్పిన మాట ఒకటి పట్టుకుని, ఆస్తి కరగబెట్టుకుని, చివరికి భార్యాబిడ్డలతో కూడా సరిగా మాట్లాడలేకపోయిన మనిషి అతను. పెద్ద పెద్ద ఆలోచనల చాటున చిన్న చిన్న పనులు ఎగవేయడం మనకెవరికి తెలియదు? శ్మశానంలోని ముగింపు మాత్రం కొంచెం శ్రుతి మించిందని అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది. ఆ మాట క్లాసులో అంటే పిల్లలు ఒప్పుకోరు. వాళ్ళకు నచ్చేది ఆ శ్మశానమే.

మధ్యలో ఒక రాత్రి కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ నవల కూడా ఒకటి ముగించాను. తెలుగు ఎం.ఏ. చదివినవాడు యుగంధర్ వెంట పరుగెత్తవచ్చునా అని అడక్కండి. కరెంటు పోతే కొవ్వొత్తి వెలిగించుకుని మరీ చదివాను. ఇంతకంటే యోగ్యతాపత్రం ఏం కావాలి? పేరు చెప్పను. మా ఆవిడ ఇంకా పూర్తి చేయలేదు, హంతకుడెవరో పొరపాటున నోరు జారితే ఆనాటికి నాకు కాఫీ ఉండదు.

ఇక కాసుల పురుషోత్తమకవి ‘ఆంధ్రనాయక శతకం’. మన దివిసీమ పెదప్రోలు కవి. కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్రమహావిష్ణువును తిట్టినట్టే తిట్టి పొగిడిన నిందాస్తుతి. దీన్ని ఏకబిగిని చదవకూడదు. రోజుకు రెండు పద్యాల చొప్పున, గొంతెత్తి చదువుకోవాలి. నేను అలాగే వరండాలో కూర్చుని చదువుతూంటే, ప్రక్కవీధి మామ్మ వచ్చి గుమ్మం మెట్టు మీద చతికిలబడింది. మా పిల్లలు మామ్మ అంటారు గనుక నేనూ అదే అంటాను. హార్బరు దగ్గర ఎండుచేపల వ్యాపారం చేసి చేసి, ఈ మధ్యనే కొడుక్కు అప్పగించింది. చదువు రాదు. పద్యానికి అర్థం చెబితే విరగబడి నవ్వి, “దేవుణ్ణి అట్టా అనొచ్చా మేష్టరుబాబూ?” అంది. తరువాత కాసేపు ఊరుకుని, “మన ఊరి సంగతి పుస్తకాల్లో ఉంటదా?” అని అడిగింది.

ఉంటుంది. విలియం మెథోల్డ్ అనే ఇంగ్లీషు వర్తకుడు 1618 నుంచి 1622 దాకా మచిలీపట్నంలో ఉండి, గోల్కొండ రాజ్యం విశేషాలు వ్రాశాడు. దాన్ని మోర్లాండ్ పండితుడు 1931లో హక్లూయిట్ సొసైటీ తరపున మళ్ళీ అచ్చు వేయించాడు. వర్తకుడి వ్రాత గనుక గుడ్డలూ ఓడలూ సుంకాలూ అన్నీ వస్తాయి. మన బందరును మాత్రం ఆయన మెచ్చుకోలేదు. చిన్న ఊరు, జనం ఎక్కువ, కోటగోడ లేదు, ఇళ్ళు అంతంతమాత్రం, బావుల్లో ఉప్పునీళ్ళు, పోటు వస్తే ఊరి వెలుపలంతా నీరే, ఇదీ ఆయన వరస. మామ్మకు తెలుగు చేసి వినిపించాను. “ఉప్పునీళ్ళ సంగతి అప్పుడే రాశాడా? గట్టోడే!” అని మెచ్చుకుంది. నాలుగు వందల యేళ్ళ నాటి గ్రంథకర్తకు ఇంత త్వరగా మార్కులు వేసిన విమర్శకులను నేను చూడలేదు.

ఆ ఉత్సాహంతో మర్నాడు మరో పుస్తకం తీశాను. గార్డన్ మెకెంజీ అనే దొర వ్రాసిన కృష్ణాజిల్లా మాన్యువలు, 1883 నాటిది. సర్కారు పుస్తకం. శిస్తులూ జమీందారీలూ కాలువలూ. నిద్ర రానివారికి నిస్సంకోచంగా సిఫారసు చేయవచ్చును. కాని 1864 ఉప్పెన దగ్గరికి వచ్చేసరికి నిద్ర ఎగిరిపోతుంది. ఆ సంవత్సరం నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రం బందరు మీద పడింది. ఆ ఉప్పెనకు పోయినవారు సుమారు 30,000 అని లెక్క.

ఆ అంకె మామ్మకు చెప్పాను. ఆమె తల ఊపి, “పేర్లు రాశారా?” అంది.

ఏ పేర్లు అన్నాను నేను, తెలివితక్కువగా.

“పోయినోళ్ళయ్యి. కోట కాడ దొరల సమాధుల మీద పేర్లు చెక్కారంట గదా.”

నిజమే. బందరుకోట దగ్గర డచ్చివారి సమాధులున్నాయి. మూడు వందల యేళ్ళు దాటినా ఆ రాళ్ళ మీద వాళ్ళ పేర్లూ బిరుదు చిహ్నాలూ ఉన్నాయి. ముప్ఫయి వేల మందికి మాత్రం నా చేతిలోని పుస్తకంలో ఉన్నది ఒక్క అంకె.

మామ్మ పుట్టిల్లు దివిసీమలో, సముద్రం ఒడ్డున. 1977 నవంబరు 19 ఉప్పెన వచ్చేనాటికి ఆమెకు ఇరవై యేళ్ళు. ఇక్కడ అత్తవారింట్లో ఉండబట్టి తాను మిగిలింది. అక్కడ పుట్టింట్లో ఒక్కరూ మిగల్లేదు. సర్కారు లెక్క సుమారు 10,000. నేను అప్పటికి పుట్టలేదు. ఆ ఉప్పెన గురించి నాకు తెలిసినదంతా చిన్నప్పుడు పెద్దవాళ్ళు చెప్పగా విన్నదీ, తరువాత చదివినదీ. చదివినంతలో ఎక్కడా ఆమె అడిగిన ప్రశ్న నాకు తోచలేదు. పుస్తకాలను గురించి అభిప్రాయాలు చెప్పే వృత్తి నాది, పైగా ఇరవై యేళ్ళ అనుభవం.

మెకెంజీ గారిని నేను తప్పు పట్టను. జిల్లా అంతటికీ ఒక పుస్తకం వ్రాసేవాడు లెక్కే వ్రాస్తాడు. కాని ఆ పేజీ మూసి మరో పుస్తకానికి వెళ్ళిపోవడానికి మామ్మ ఎదురుగా ఉండగా నాకు మనసు రాలేదు. లోపలికి వెళ్ళి మా అబ్బాయి రూళ్ళ నోటుబుక్కు ఒకటి తెచ్చి, చెప్పు మామ్మా అన్నాను.

ఆమె ఏడవలేదు. పెళ్ళిళ్ళకు పిలవవలసినవారిని లెక్కబెట్టినట్టు వేళ్ళు ముడుస్తూ చెప్పింది. అమ్మ, అయ్య, నాయనమ్మ, ఇద్దరు అన్నలు, వదినలు, తమ్ముడు, పిల్లలు. పద్నాలుగో మనిషి దగ్గర ఆగింది. చిన్నన్న కూతురు. బారసాల ఇంకా కాలేదు. ఆ వారంలోనే తాను వెళ్ళవలసి ఉంది. “పేరు లేనిదాన్ని ఎట్టా రాస్తారు?” అని అడిగింది. ‘చిన్నన్న కూతురు, పేరు పెట్టలేదు’ అని వ్రాశాను.

అంతా ఒకసారి చదవమంది. చదివాను. తమ్ముడి పేరు దగ్గర కాదంది. నేను అలవాటు కొద్దీ బడిరిజిస్టరులో ఉండేటట్టు తీర్చి వ్రాశాను. వాణ్ణి ఎవరూ ఎప్పుడూ అట్టా పిలవలేదట. కొట్టివేసి, ఆమె పలికినట్టే మళ్ళీ వ్రాశాను.