ఒక్క పిన్ను మీద బండి

వడ్ల సీజన్‌లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ రోడ్ల మీద ఏ ట్రాక్టర్ వెనకైనా ఒకసారి వంగి చూడండి. టన్నుల బరువున్న ట్రాలీని పట్టుకుని ఉండేది ఒకే ఒక్క పిన్ను. కొన్నిటికి కింద క్లిప్పు కూడా ఉండదు, బైండింగ్ వైరు చుట్టి వదిలేస్తారు. చాలా ట్రాలీలకు బ్రేకులుండవు. పిన్ను ఊడితే ఇక ఆపేదేమీ లేదు.

అమెరికాలో మోటార్‌హోమ్ వెనక టో బార్‌తో కారును లాగేవాళ్లు బార్‌ను మాత్రమే నమ్ముకోరు. దాని కింద రెండు గొలుసుల్ని అడ్డంగా, కత్తెరలా తగిలిస్తారు. బార్ జారినా రోడ్డుకు గుచ్చుకోకుండా గొలుసుల మీద ఆగుతుంది.

"అవన్నీ మనకెక్కడ కుదురుతాయి?" అంటారు. ఎందుకు కుదరవు? బరువుకు తగ్గ గొలుసే కదా! కాకపోతే దాన్ని పిన్నుకు కాదు, ట్రాక్టర్ బాడీకి తగిలించాలి. లేదంటే పిన్నుతోపాటే అదీ పోతుంది. మలుపు తిరిగేంత వదులు ఉంచితే చాలు.

ప్రమాదం జరిగితే డ్రైవర్‌ని తిట్టడం తేలిక. లైన్ ఫాలోయర్ రోబోలు చేసిన మనం, దసరా సెలవుల్లో ఇంటి ట్రాక్టర్‌కి గొలుసు, క్లిప్పు, వెనక రిఫ్లెక్టర్ స్టిక్కర్లు పెట్టలేమా? కొత్తకోట, పెబ్బేరు దగ్గర 44వ నంబరు హైవే మీద రాత్రిపూట వెనకొచ్చేది మనవాళ్ల బైకే కావచ్చు.